ఏటి వెంట ధర్మార్థ పాదయాత్ర

రైళ్ళును బస్సులును లేని కాలమున మన పూర్వులు సంతకును, పెండ్లికిని, తిరునాళ్ళకును కాలినడకనే పోవుచుండిరి. దూరమును ఆమడలతో లెక్కించుచుండిరి. ఆనాడు నడక ఎవరికిని వింత కాదు. నేడు పావగడ నుండి హిందూపురమునకుగాని, తుమకూరునకుగాని పోవలసిన పని పడినచో ఎవరును నడచి పోరు. కావున ఈ కాలమున ఒక మనుష్యుడు తన యిష్టముచే వందలకొలది కిలోమీటర్లు నడువ పూనుకొనినచో, దారిలోనివారు అతనిని ఆపి, "ఎక్కడికి? ఎందులకు?" అని తప్పక అడుగుదురు. ఆ ప్రశ్నకు "ఫలానా వారి కష్టము తీర్చుటకు" అని అతడు సమాధానము చెప్పగలిగినచో, ఆ నడక ధర్మార్థ పాదయాత్ర యగును.

విద్యార్థులారా! ఇట్టి యాత్ర అనగా నేమి? ఏటి వెంట నడచుటలోని విశేష మేమి? ఇతరులు ఎట్లు నడచిరి? మన తాలూకాలో ప్రవహించు ఉత్తర పినాకిని వెంట ఎవరైన బయలుదేరదలచినచో ముందుగా ఏమేమి సిద్ధపరచుకొనవలెను? ఈ సంగతులను క్రమముగా వివరించుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

నడకకును దానమునకును గల సంబంధము

ధర్మార్థ పాదయాత్రలో నడుచువాడు తాను నడువబోవు దూరమును, తాను సాయపడదలచిన కార్యమును ముందుగా పదిమంది యెదుట ప్రకటించును. అతనిని ఎరిగినవారు కిలోమీటరునకు ఇంత యని మాట యిత్తురు. ఒక ఉదాహరణము చూడుడు. మన పినాకిని పుట్టినచోటి నుండి సముద్రము వరకు 597 కిలోమీటర్ల పొడవు గలది. కిలోమీటరునకు ఒక రూపాయి చొప్పున మాట యిచ్చిన దాత, యాత్ర పూర్తియైనప్పుడు 597 రూపాయలు చెల్లింపవలెను. అట్టి దాతలు నూరుగురు ఉన్నచో 59,700 రూపాయలు పోగగును. నడుచువాడు కాలు నొచ్చి 400 కిలోమీటర్లకే ఆగిపోయినచో, ఒక్కొక్క దాత 400 రూపాయలు మాత్రమే చెల్లింప బాధ్యుడు. దినమునకు 20 కిలోమీటర్లు నడచువానికి 597 కిలోమీటర్లు నడచుటకు 30 దినములు పట్టును. లెక్క ఇంత తేటగా నుండును.

"నడువకయే దానము అడుగరాదా? డబ్బునకును కాళ్ళకును సంబంధ మేమి?" అని కొందరు ప్రశ్నింపవచ్చును. అడుగవచ్చును. కాని కూర్చుండి అడుగువాని మాటకంటె, ఎండలో నడచి వచ్చి అడుగువాని మాటకు విలువ యెక్కువ. ఇతరుల కొరకు తాను ముందు కష్టపడి, తరువాతనే ఇతరులను అడుగుచున్నాడని చూచువారికి తెలియును. అదియు గాక, నడుచువాడు ప్రతి గ్రామమునను ఆగును. అతడు ఏ కష్టమును గురించి నడచుచున్నాడో ఆ కష్టమును గురించి ఆ గ్రామమువారందరును విందురు. డబ్బు ఇయ్యలేనివారు సయితము సంగతిని తెలిసికొందురు. తెలిసికొనుటయు ఒక విధమైన సాయమే.

ఏటి వెంటనే ఎందులకు?

నడచుటకు రోడ్లు చాలక కాదు. ఏటికి ఒక పుట్టుక, ఒక మార్గము, ఒక గమ్యము కలవు. ఏటిని విడువక నడచువానికి దారి తప్పునను భయము తక్కువ. పల్లెలు, తోపులు, గుళ్ళు, రేవులు ఏటి గట్టుననే ఎక్కువగా ఉండును గనుక తలదాచుకొనుటకు చోటు దొరకును. అందుచేతనే మన దేశమున నదుల వెంట నడచుట పురాతనమైన ఆచారముగా నున్నది.

నర్మదా పరిక్రమము దీనికి గొప్ప ఉదాహరణము. నర్మద పొడవు 1,312 కిలోమీటర్లు. పరిక్రమము చేయువారు నదిని తమ కుడివైపున ఉంచుకొని, దానిని ఎచ్చటను దాటక, ఒక గట్టున సముద్రము వరకు పోయి, రెండవ గట్టున తిరిగి వత్తురు. అనగా సుమారు 2,600 కిలోమీటర్ల నడక. సంప్రదాయము ననుసరించి దీనికి మూడు సంవత్సరముల మూడు మాసముల పదమూడు దినములు పట్టును. ఈ యాత్రలో గమనింపవలసిన విశేష మొకటి కలదు. ఇచ్చట దానము చేయువారు నడచువారు కారు, గట్టున నివసించువారు. వచ్చిన యాత్రికునకు అన్నము పెట్టుట, పడుకొనుటకు చోటు చూపుట ఆ పల్లెలవారు తమ విధిగా భావింతురు. నది వెంట నడచువాడు ఇచ్చువాడుగా బయలుదేరినను, ముందు తాను పుచ్చుకొనువాడగును. ఈ సత్యమును మరవనివానికి గర్వము కలుగదు.

పోచంపల్లి నేర్పిన పాఠము

తెలుగు నేలపై ఇతరుల కొరకు సాగిన పాదయాత్రలలో మిక్కిలి ప్రసిద్ధమైనది ఆచార్య వినోబా భావేగారి యాత్ర. వార్ధా సమీపమున ధామ్ నదీ తీరమునందలి పౌనారు ఆశ్రమము ఆయన నివాసము. 1951 మార్చి మాసమున ఆయన హైదరాబాదు చెంత శివరాంపల్లిలో జరుగు సర్వోదయ సమ్మేళనమునకు కాలినడకన బయలుదేరెను. ఆ సమ్మేళనము ముగిసిన పిదప తెలంగాణము పల్లెలలో ప్రవేశించెను. అప్పుడు ఆ ప్రాంతమున భూమి కొరకు సాయుధ పోరాటము జరుగుచుండెను. జనులు భయముతో కాలము గడపుచుండిరి.

1951 ఏప్రిల్ 18వ తేదీన ఆయన నల్లగొండ జిల్లా పోచంపల్లి గ్రామమును చేరెను. ఆ గ్రామము నేడు యాదాద్రి భువనగిరి జిల్లాలో నున్నది. అచ్చటి హరిజనవాడలోని 40 కుటుంబములవారు తమకు 80 ఎకరముల భూమి యున్నచో కష్టించి బ్రతుకుదుమని ఆయనకు విన్నవించిరి. ప్రభుత్వమునకు వ్రాసి పంపుట ఒక మార్గము. కాని వినోబాగారు అక్కడ చేరిన గ్రామస్థులనే అడిగెను. ఆ గ్రామమునందలి భూస్వామి వెదిరె రామచంద్రారెడ్డిగారు లేచి, 100 ఎకరములు ఇత్తునని పలికెను. భూదానోద్యమము అట్లు పుట్టినది. పౌనారులో బయలుదేరునప్పుడు వినోబాగారి మనస్సున భూదానమను తలంపు లేదు. నడచుచు, ఆగుచు, వినుచు పోవుటచేతనే అది ఆయనకు దొరకినది.

అటుపిమ్మట సుమారు 50 దినములలో, మండు వేసవిలో, తెలంగాణమున సుమారు 12,000 ఎకరములు దానముగా లభించెను. వినోబాగారు వేకువ చీకటిలో లాంతరు వెలుగున బయలుదేరి, ఎండ ముదిరిన కొలది తరువాతి మజిలీ చేరుచుండెను. ఆయన యాత్ర దేశమంతటను 1964వ సంవత్సరము వరకు సాగినది. మన కర్ణాటక రాష్ట్రమునకును ఆయన వచ్చెను. 1957 సెప్టెంబరులో మైసూరు దగ్గరి యెల్వాలలో గ్రామదానమును గురించి జరిగిన సభకు దేశమునందలి ప్రముఖ నాయకులు హాజరైరి.

ఇంతవరకు అందరును చెప్పుకొను కథ. కాని దాని ఉత్తరభాగమును గూడ మనము తెలిసికొనవలెను. దేశమంతటను దానముగా ప్రకటింపబడిన భూమి నలుబది లక్షల ఎకరములకు పైబడినది. అందులో పేదల చేతికి నిజముగా చేరినది సుమారు సగము మాత్రమే. కొంత భూమి రాతి నేల. కొంత వ్యాజ్యములలో చిక్కినది. కొందరు సభలో మాట యిచ్చి, పత్రము వ్రాయుటలో వెనుకాడిరి. కొందరి వారసులు తండ్రుల మాటను అంగీకరింపలేదు. ఆంధ్రప్రదేశమున 1965లో భూదాన గ్రామదాన చట్టము చేయబడినను, ఈ చిక్కులన్నియు తీరలేదు.

దీనిచే వినోబాగారి నడక వ్యర్థమని తలపరాదు. భూమి చేరిన కుటుంబములకు అది బ్రతుకుతెరువు. కాని ఒక నీతి స్పష్టము. పాదములు ఎంత దూరము నడచినను, వెనుక లెక్క నడువకపోయినచో దానము దారిలోనే నిలిచిపోవును. ధర్మార్థ యాత్ర సముద్రతీరమున ముగియదు. ఇచ్చినది చేరవలసినవాని చేతిలో పడిననాడే ముగియును. ఈ వ్యాసమున నేను చెప్పదలచిన ముఖ్యాంశము ఇదియే.

పరదేశముల నదీయాత్రలు

ఇతర దేశములలోను నదుల వెంట ఇట్టి యాత్రలు జరిగినవి. ఆంగ్లేయుడైన ఎడ్ స్టాఫర్డ్ 2008 ఏప్రిల్ 2వ తేదీన పెరూ దేశపు పసిఫిక్ తీరమున బయలుదేరి, ఆమెజాను నది పొడవునను నడచి, 2010 ఆగస్టు 9వ తేదీన బ్రెజిలులో అట్లాంటిక్ తీరమును చేరెను. మొత్తము 860 దినములు. కాన్సరు పరిశోధన మొదలగు సత్కార్యములకు ఆ నడక పేర విరాళములు కూర్చబడెను. ఆయనతో బయలుదేరిన మిత్రుడు కొన్ని మాసములకే వెనుకకు మరలెను. గాడియెల్ సాంచెజ్ రివేరా అను పెరూ దేశీయుడు దారి చూపుటకై ఐదు దినములు వచ్చెదనని చేరి, కడవరకు ఆయనను విడువలేదు. ఆరంభమున తోడుండువారే అంతమున ఉందురని చెప్పలేము. దారిలో దొరకిన స్నేహమే తుదిదాక నిలువవచ్చును.

రెండవ ఉదాహరణము హెచ్చరిక వంటిది. లెవిసన్ వుడ్ అను ఆంగ్లేయుడు 2013 డిసెంబరులో రువాండా దేశపు అడవులలో బయలుదేరి, నైలు నది వెంట నడచి, 2014 ఆగస్టులో ఈజిప్టు దేశపు సముద్రతీరమును చేరెను. ఈయన యాత్రయు ధర్మసంస్థల సాయము కొరకు ఉద్దేశింపబడినదే. దక్షిణ సూడానులో అంతర్యుద్ధము జరుగుచుండుటచే కొంత భాగము నడువక విడువవలసి వచ్చెను. అంతకంటె విచారకరమైన సంగతి, 2014 మార్చిలో ఉగాండాలో ఆయనతో కొన్ని దినములు నడచుటకు వచ్చిన మాథ్యూ పవర్ అను అమెరికా పాత్రికేయుడు వడదెబ్బచే మరణించెను. అతడు దేశదేశములు తిరిగిన అనుభవశాలి. అట్టివానినే ఎండ కూల్చినది. పావగడ సీమలో నడువదలచినవారు ఈ సంగతిని ఒకనాటికిని మరవరాదు.

మన పినాకిని మార్గము

ఇక మన ఏటి సంగతి. పినాకము అనగా శివుని విల్లు. ఉత్తర పినాకినినే జనులు పెన్న అనియు, పెన్నేరు అనియు పిలుతురు. చిక్కబళ్ళాపురము జిల్లా నంది కొండల వరుసలో చెన్నకేశవగిరి దీని జన్మస్థానము. అచ్చట నుండి ఉత్తరముగా గౌరీబిదనూరు మీదుగా పోయి, హిందూపురము ప్రాంతమున ఆంధ్రప్రదేశములో ప్రవేశించును. మన తుమకూరు జిల్లాలోనే దేవరాయనదుర్గమున పుట్టిన జయమంగళి పరిగి ప్రాంతమున దీనిలో కలియును. పిమ్మట పెన్న మరల కర్ణాటకమునకు వచ్చి, మన పావగడ తాలూకా నాగలమడిక గ్రామమును ఒరసికొని పోవును. మరల ఆంధ్రదేశము చేరి, శ్రీ సత్యసాయి జిల్లాలో పేరూరు జలాశయమును, అనంతపురము జిల్లాలో పెనకచెర్ల జలాశయమును, తాడిపత్రిని దాటి, గండికోట యొద్ద ఎఱ్ఱని కొండలను చీల్చుకొని పోవును. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, సోమశిల, సంగము దాటి, నెల్లూరు మీదుగా పోయి, ఊటుకూరు యొద్ద బంగాళాఖాతమున కలియును.

597 కిలోమీటర్లలో కర్ణాటకమున 61, ఆంధ్రమున 536 కిలోమీటర్లు. పుట్టినచోటి నుండి దీని వెంట నడచువాడు రాష్ట్రముల సరిహద్దును మూడుమారులు దాటును. పటములో గీతలు కనబడును గాని, గట్టున నడచువానికి అవి కానరావు. నాగలమడికలో దాహమని అడిగిన మాటయే పేరూరులోను చెల్లును. తిక్కన సోమయాజి నివసించిన నెల్లూరు మనకు మిక్కిలి దూరమని తలంతుము. కాని ఆయన ఊరిని ఒరసికొని పోవునది మన నాగలమడికను ఒరసికొని పోవు ఏరే. మహాత్మా గాంధీగారు 1921 ఏప్రిల్‌లో ప్రారంభించిన పల్లిపాడు సత్యాగ్రహాశ్రమము కూడ ఈ నది గట్టుననే యున్నది. తెలుగు చదువుకొను మన బాలబాలికలకు ఈ నది భూగోళ పాఠమును, సాహిత్య పాఠమును ఒక్కమారే చెప్పగలదు.

బయలుదేరుటకు ముందు

మొదటిది, కార్యము. "పేదలకు సాయము" అని సామాన్యముగా చెప్పినచో దాతకు ఏమియు తెలియదు. ఏ ఊరివారికి, ఏ అవసరమునకు, ఎంత మొత్తము కావలయునో చెప్పవలెను. మన తాలూకాలో ఒక అవసరము మనకందరకు తెలిసినదే. ఇచ్చటి భూగర్భజలమున ఫ్లోరైడు మిక్కుటము. తాగునీటిలో లీటరునకు ఒక మిల్లిగ్రామునకు మించి ఫ్లోరైడు ఉండకుండుట మేలనియు, వేరు నీరు దొరకనిచోట ఒకటిన్నర మిల్లిగ్రాముల వరకు మాత్రమే సహింపవచ్చుననియు భారతీయ ప్రమాణములు చెప్పుచున్నవి. అంతకు మించిన నీటిని చిరకాలము త్రాగిన పిల్లల పండ్లపై గోధుమరంగు చారలు పడును. పెద్దల ఎముకలు, కీళ్ళు బిగిసిపోవును. నీరు కాచినంత మాత్రమున ఫ్లోరైడు పోదు. దానికి తగిన శుద్ధియంత్రములు కావలెను. ఒక పల్లె బడికి అట్టి యంత్రమును అమర్చుట, దానిని చెడకుండ నడపుట యను కార్యము ఒక పాదయాత్రకు తగిన లక్ష్యము. యంత్రము కొనుటకు మాత్రమే డబ్బు కూర్చి, దాని మరమ్మతులకు కూర్చనిచో, రెండేండ్లకు అది మూలబడును. కావున రెంటికిని ముందే లెక్క వేయవలెను.

రెండవది, లెక్క. నడచువాని భోజనము, చెప్పులు, బస్సుకూలి మొదలగు ఖర్చులు దానపు సొమ్ములో నుండి తీయరాదు. వానికి వేరుగా డబ్బు కూర్చుకొనవలెను. పుచ్చుకొనిన ప్రతి రూపాయికి రసీదు ఇయ్యవలెను. సొమ్ము ఒక్కని చేతిలో నుండరాదు. రిజిస్టరు కాబడిన సంస్థ పేర బ్యాంకులో నుండవలెను. యాత్ర ముగిసిన పిదప పోగైనది ఎంత, ఖర్చైనది ఎంత, చేరినది ఎవరికి అను వివరమును గ్రామ చావడిలోను, బడి గోడపైనను కన్నడమునను తెలుగునను వ్రాసి అంటింపవలెను. భూదానము మనకు నేర్పిన పాఠము ఇదియే గదా!

మూడవది, కాలము. మన సీమలో మార్చి మొదలు మే వరకు దూరపు నడక ప్రమాదకరము. తిరుమణి ప్రాంతమున సుమారు 13,000 ఎకరములలో 2,050 మెగావాట్ల సౌరవిద్యుత్తు కేంద్రము వెలసినదనిన, ఇచ్చటి సూర్యుని ప్రతాపము ఎట్టిదో ఊహింపవచ్చును. ఆశ్వయుజ కార్తిక మాసములలో తుపానులు వచ్చును. ముఖ్యముగా కడప, నెల్లూరు జిల్లాలలో వరదల భయము కలదు. 2021 నవంబరు 19వ తేదీన పెన్నకు ఉపనదియైన చెయ్యేరుపై అన్నమయ్య జలాశయపు కట్ట తెగి, దిగువ పల్లెలు కొట్టుకొనిపోయినవి. కావున పుష్య మాఘ మాసములు యాత్రకు అనుకూలములు.

నాలుగవది, దారి. ఏటి వెంట అనగా ఏటిలో అని అర్థము కాదు. ఇసుక తవ్విన గుంతలు ఏటిలో ఎచ్చటెచ్చట ఉండునో తెలియదు. పైకి నిలువనీరు మడుగువలె కనబడి, లోపల నిలువులోతు ఉండవచ్చును. ఎగువ వాన కురిసినచో, ఎండిన ఏరు చూచుచుండగనే పొంగవచ్చును. గట్టుననే నడువవలెను. జలాశయముల యొద్దను, గండికోట వంటి లోయల యొద్దను గట్టును విడిచి, ఊరిబాటనుగాని రోడ్డునుగాని పట్టుకొనవలెను. తోటలలో పోవునప్పుడు రైతును అడిగి పోవలెను. స్థానిక పోలీసువారికిని, పంచాయతివారికిని ముందుగా తెలుపవలెను.

ఐదవది, దేహము. ఒక్కనాడే 20 కిలోమీటర్లు నడువ పూనుకొనరాదు. రెండు మాసములు ముందుగా దినమునకు నాలుగైదు కిలోమీటర్లతో ఆరంభించి, వారమువారమునకు పెంచవలెను. కొత్త చెప్పులతో బయలుదేరరాదు. కాలికి అలవాటైనవే మేలు. పాదమున వేడి పుట్టి ఒరసికొనుచున్నట్లు తోచిన వెంటనే ఆగి, గుడ్డ చుట్టుకొనవలెను. బొబ్బ లేచిన పిదప చింతించి ఫలము లేదు. కోడికూత వేళకు బయలుదేరి, పది గంటలకు చెట్టునీడ చేరవలెను. మరల నాలుగు గంటల తరువాత నడువవలెను. దాహము కాకమునుపే కొంచెము కొంచెముగా నీరు త్రాగుచుండవలెను. ఉప్పు వేసిన పలుచని మజ్జిగ, రాగి అంబలి మన సీమవారికి తెలిసిన మంచి పానీయములు. తల తిరుగుట, మాట తడబడుట, ఒళ్ళు కాలిపోవుట కనబడినచో అది వడదెబ్బ. వెంటనే నీడకు చేర్చి, ఒంటిని తడిపి, విసరుచు, వైద్యుని యొద్దకు తీసికొనిపోవలెను. స్పృహ లేనివాని నోట నీరు పోయరాదు.

తల్లిదండ్రులకు ఒక మాట

బడిపిల్లలు 597 కిలోమీటర్లు నడువవలెనని ఎవరును కోరరు. పెద్దలు యాత్ర చేయునప్పుడు పిల్లలు తమ ఊరి పొలిమేర నుండి తరువాతి ఊరి పొలిమేర వరకు, ఉపాధ్యాయుల వెంట, మీ అనుమతితో నడువవచ్చును. నాగలమడిక యొద్ద నాలుగు కిలోమీటర్లు నడచిన పిల్లవాడు గూడ యాత్రికుడే. లెక్క వ్రాయుట, రసీదు లిచ్చుట, రెండు భాషలలో ప్రకటనలు వ్రాయుట పిల్లలు చక్కగా చేయగలరు. మన పిల్లలకు ఇంట తెలుగును, వీథిలో కన్నడమును వచ్చును. కొందరు దీనిని భారముగా తలంతురు. సరిహద్దును మూడుమారులు దాటు ఏటి వెంట బయలుదేరువానికి అంతకంటె మంచి దారిబత్తెము లేదు.

ఈ సంగతులను తరగతిలో చెప్పుచుండగా ఒక బాలుడు లేచి, "అయ్యా! మన ఏటిలో నీరే లేదు గదా. ఎండిన ఏటి వెంట నడచిన నేమి లాభము?" అని అడిగెను. మంచి ప్రశ్న. సంవత్సరములో పెక్కు మాసములు మన పినాకిని ఇసుక ఏరే. నిండిన ఏటిని చూచుటకు అందరును పోవుదురు. ఎండిన ఏటి గట్టున ఉండువారు ఎట్లు బ్రతుకుచున్నారో చూచుటకు ఎవరును పోరు. ధర్మార్థము నడచువాడు పోవలసినది అచ్చటికే.

ఇంకొక సంగతి. మన పూర్వులు ఎండిన ఏటిని చూచి నీరు లేదని మరలిపోలేదు. ఇసుకలో చెలమ తీసిరి. మోచేతిలోతు తవ్వగా అడుగున తడి కనబడును. కొంచెము వేచినచో నీరు ఊరును. ఊరిన నీటిని గురిగితో ముంచి కడవ నింపికొని, తరువాత వచ్చువారి కొరకు చెలమను అట్లే ఉంచి పోవుదురు. మనుష్యుల దయ కూడ అట్టిదే. పైకి పొడిగా కనబడును. నడచిపోయి, ఓపికతో అడిగినచో ఊరును. ఊరినదానిని ఒలకకుండ ఇల్లు చేర్చుట మన వంతు.

మన తాలూకా యువకులు ఏనాడైన నాగలమడిక రేవున నిలిచి, ఒక బడి దాహము తీర్చుటకై సముద్రము వరకు నడచెదమని సంకల్పము చెప్పుకొందురు గాక! ఆనాడు వారి చేత కఱ్ఱయు, నీటిబుఱ్ఱయు, వాటితోపాటు ఒక లెక్కల పుస్తకమును ఉండుగాక!